పెద్ద ఫైలును విడదీయడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఐదు ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చాయి. పర్లాకిమిడి, రాయగడ, బరంపురం, జయపురం, గుణుపురం పాఠకులు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే చిక్కును గురించి రాశారు. చేతిలో ఉన్న ఒక పెద్ద ఫైలును పనికి వచ్చే చిన్న ఫైళ్లుగా ఎలా విడదీయాలన్నదే అందరి ప్రశ్న. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): అయ్యా, మేము కొందరం విశ్రాంత ఉపాధ్యాయులం కలిసి తెలుగు, ఒడియా, సవర మాటలకు ఒక నిఘంటువు కూరుస్తున్నాము. ఆరోపాలు, అంటే అర్థాలతో కూడిన ఒక్కొక్క మాట నమోదులు, ఇరవై నాలుగు వేలు దాటాయి. కంప్యూటర్ పని చూసే అబ్బాయి అంతటినీ ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా చేసి ఇచ్చాడు. ప్రతి అంశానికీ ముందూ వెనుకా ట్యాగులనే గుర్తులు పెట్టి దాచే పద్ధతి అది. ఫైలు పరిమాణం 46 మెగాబైట్లు. పన్నెండుగురం పంచుకొని తప్పులు దిద్దుదామని ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ఒక సాధనంతో నాలుగేసి మెగాబైట్ల చొప్పున కోయించాము. పన్నెండు ముక్కలు వచ్చాయి కాని, ఏ ముక్కను బ్రౌజరులో తెరిచినా తప్పు ఉన్నదనే చెబుతోంది. నాలుగు ముక్కల మొదట్లోనైతే తెలుగు అక్షరం ఉండవలసిన చోట నల్లని వజ్రం గుర్తులో ప్రశ్నార్థకం కనిపిస్తోంది. ఫైలు పాడైనట్లేనా?

జవాబు: పాడవలేదు. ఆ పన్నెండు ముక్కలను అదే వరుసలో ఒకదాని వెనుక ఒకటి అతికిస్తే అసలు ఫైలు ఒక్క బైటు తేడా లేకుండా తిరిగి వస్తుంది. అంతదాకా పోనక్కరలేదు, మొదటి ఫైలు మీ దగ్గర ఉండనే ఉంది కదా. ముందుగా దానికి ఒక నకలు తీసి వేరే డిస్కులో దాచండి. వజ్రం గుర్తులు కనిపించిన ముక్కలను మాత్రం ఏ ఎడిటరులోనూ తెరిచి సేవ్ చేయకండి. తెరిచినంతవరకు అది తెరమీది గుర్తే, కాని సేవ్ చేస్తే చాలా ఎడిటర్లు అసలు బైట్లను పారేసి ఆ గుర్తునే ఫైలులో రాసేస్తాయి. ఆ తరువాత అతికించినా పోయిన అక్షరం రాదు.

ఇక జరిగినది ఏమిటంటే, మీరు వాడిన సాధనానికి తెలుగూ తెలియదు, ట్యాగులూ తెలియవు. దానికి వచ్చినది బైట్లు లెక్కపెట్టడం ఒక్కటే. నాలుగు మెగాబైట్లు పూర్తికాగానే అక్కడ ఏమున్నదో చూడకుండా కత్తి వేసింది. అన్ని భాషల లిపులకూ సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరు సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకొంటుంది. మీ ఊరి పేరునే తీసుకోండి. పర్లాకిమిడి అన్న మాటలో కంటికి కనిపించేవి ఐదు అక్షరాలు. ఫైలులో మాత్రం ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి అని పదకొండు సంకేతాలు, అంటే 33 బైట్లు ఉంటాయి. ఆ 33 బైట్ల నడుమ కత్తి పడగల చోట్లు 32. వాటిలో 22 చోట్ల ఎక్కడ పడినా ఏదో ఒక సంకేతం మధ్యకు తెగుతుంది, అక్కడే మీకు వజ్రం గుర్తు వచ్చింది. తక్కిన పది చోట్లలోనూ ఆరింటి దగ్గర సంకేతం తెగకపోయినా అక్షరం విరుగుతుంది, గుడి ఒక ఫైలుకూ దాని హల్లు మరొక ఫైలుకూ పోతాయి. మాట చెడకుండా కోయగల చోట్లు మొత్తం మీద నాలుగే. ఒడియా అక్షరాలకూ లెక్క ఇదే. సవర మాటలను 1936లో మంగేయ్ గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపిలో ఎక్కించి ఉంటే, 2012లో యూనికోడ్‌లో చేరిన ఆ లిపి అక్షరాలకు ఒక్కొక్కదానికి నాలుగేసి బైట్లు పడతాయి కనుక, గుడ్డిగా కోసినప్పుడు తెగే అవకాశం ఇంకా ఎక్కువ.

అక్షరాలు తెగినవి నాలుగు ముక్కలలోనే అయినా తప్పు చూపించినవి పన్నెండూ. దానికి కారణం వేరే. ఎక్స్‌ఎంఎల్ 1998లో ప్రమాణంగా వెలువడిన నాటి నుంచి దాని ప్రాథమిక నియమం ఒకటే: పత్రం మొత్తాన్ని ఒకే ఒక మూల ట్యాగు చుట్టి ఉండాలి, తెరిచిన ప్రతి ట్యాగూ తెరిచిన క్రమానికి ఎదురుగా మూతపడాలి. మీ మొదటి ముక్కలో మూల ట్యాగు తెరుచుకొన్నది కాని మూతపడలేదు. చివరి ముక్కలో మూత ఉన్నది, తెరిచినది లేదు. నడుమనున్న పదింటికి రెండూ లేవు. పనసకాయను కత్తితో అడ్డంగా నరికితే తొనలూ గింజలూ కలిసి తెగుతాయి, చేతికి నూనె రాసుకొని ఒలిస్తే తొనకు తొన విడిగా వస్తుంది. మీ ఫైలులో తొన అంటే ఒక ఆరోపం. దాని మొదటి ట్యాగు నుంచి ముగింపు ట్యాగు వరకు ఒకే ముక్కలో పడేటట్లు చూడాలి, ఆపైన ప్రతి ముక్కకూ సొంతంగా తలా తోకా పెట్టాలి.

తల అన్నప్పుడు చాలామంది మొదటి వరుసలోని ఎక్స్‌ఎంఎల్ ప్రకటనను, మూల ట్యాగు పేరును మాత్రమే పెట్టి ఊరుకొంటారు. మూల ట్యాగులో నేమ్‌స్పేస్ ప్రకటనలు (ట్యాగు పేర్ల ముందు వచ్చే ఉపసర్గల అర్థం చెప్పేవి) ఉంటే అవీ ప్రతి ముక్కకూ వెళ్లాలి, లేకపోతే లోపల ఆ ఉపసర్గతో మొదలయ్యే ట్యాగులేవీ చెల్లవు. ఫైలు మొదట్లో సంక్షిప్త రూపాలకు ఎంటిటీలను నిర్వచించి ఉంటే, ఉదాహరణకు నామవాచకం అనడానికి ఒక పొట్టి గుర్తును పెట్టుకొని ఉంటే, ఆ నిర్వచనాలు లేని ముక్కలో ఆ గుర్తు అర్థం లేనిదవుతుంది. సంకలనకర్తల పేర్లు, ముందుమాట వంటివి మాత్రం ముక్కముక్కకూ నకలు చేయనక్కరలేదు. వాటిని విడిగా ఒక ఫైలులో ఉంచితే తిరిగి కలిపేటప్పుడు పన్నెండు ముందుమాటలు ఎదురుకావు.

ఈ పనికి మార్గాలు రెండు. మీ ఫైలులో ప్రతి ఆరోపమూ తప్పకుండా కొత్త వరుసలోనే మొదలవుతూ ఉంటే, లినక్స్‌లో ఉండే సీస్ప్లిట్ వంటి సాధనానికి ఆ ట్యాగును ఆనవాలుగా చూపి, అది కనిపించిన చోటల్లా విడదీయమని చెప్పవచ్చు. కాని కొన్ని ప్రోగ్రాములు ఫైలు మొత్తాన్ని ఒకే వరుసగా రాస్తాయి, అప్పుడు వరుసలను చూసి కోసే సాధనాలన్నీ చేతులెత్తేస్తాయి. ఎవరైనా పాత ఆరోపాన్ని తీసివేయకుండా వ్యాఖ్య గుర్తుల మధ్య దాచి ఉంటే, దానిని కూడా అవి నిజమైన ఆరోపమే అనుకొంటాయి. అందుచేత ఎక్స్‌ఎంఎల్‌ను ఎక్స్‌ఎంఎల్‌గా చదవగల ప్రోగ్రామును, అంటే పార్సరునే, వాడాలన్నది నా సలహా.

పార్సర్లలోనూ రెండు తీరులున్నాయి. డామ్ పద్ధతి ఫైలునంతటినీ మెమరీలోకి ఎక్కించి చెట్టుగా కడుతుంది, ఆ చెట్టు ఫైలుకు కొన్ని రెట్లు చోటు తీసుకొంటుంది. మీ 46 మెగాబైట్లకు నేటి కంప్యూటర్లు ఆ భారం మోయగలవు. అదే రెండు మూడు గిగాబైట్ల ఫైలయితే యంత్రం బిగుసుకుపోతుంది. రెండవది ప్రవాహ పద్ధతి. అది ఫైలును వరుసగా చదువుకొంటూ పోతూ ఒక ఆరోపం ముగిసిన ప్రతిసారీ మనకు అందిస్తుంది, మనం దానిని ముక్కలో రాసుకొని మెమరీలోంచి తుడిచివేసి తరువాతి దానికి వెళతాము. పైథాన్ భాషలో ఎలిమెంట్‌ట్రీ అనే భాగంలో ఇటర్‌పార్స్ చేసేది ఈ పనే. మీ అబ్బాయికి ఆ పేరు చెబితే చాలు, ముప్పై వరుసలు మించని ప్రోగ్రాము అవుతుంది. ఒక్క హెచ్చరిక మాత్రం చేయండి: ఆరోపాన్ని తుడిచినా దాని ఖాళీ తొడుగు మూల ట్యాగు కింద వేలాడుతూనే ఉంటుంది కనుక, మూల ట్యాగును కూడా ఎప్పటికప్పుడు ఖాళీ చేయకపోతే పెద్ద ఫైళ్ల దగ్గర మెమరీ మెల్లగా నిండిపోతుంది.

మీరు అడగలేదు కాని, ఎన్ని ముక్కలు చేయాలో, ఏ లెక్కన చేయాలో ముందే తేల్చుకోవడం మంచిది. నిఘంటువు అనగానే అకారాదిగా అక్షరానికో ఫైలు చేయాలని అనిపిస్తుంది. అప్పుడు క, ప, మ అక్షరాలు వచ్చినవారు తలలు పట్టుకొంటారు, ఝ, ఠ వచ్చినవారు మొదటి సాయంత్రానికే కాఫీ తాగుతూ కూర్చుంటారు. అయిదేసి వందల ఆరోపాల చొప్పున కోస్తే నలభై తొమ్మిది ఫైళ్లు వస్తాయి. ఎవరికి వీలైనన్ని వారు తీసుకోవచ్చు, ఒకరి ఫైలు పాడైనా నష్టం అయిదు వందలకే పరిమితమవుతుంది. ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు 1, 2 అని కాకుండా 001, 002 అని పెట్టించండి, లేదంటే చాలా సాధనాలు 10ని 2 కంటే ముందు పేరుస్తాయి. పేరులో తెలుగు అక్షరాలు కూడా వద్దు. మన భాష మీద అభిమానం లేక కాదు, పాత జిప్ సాధనాల గుండా వెళ్లినప్పుడు తెలుగు పేర్లు పిచ్చిగీతలుగా మారడం చూసి చెబుతున్నాను.

అసలు గడ్డు పని ముక్కలను తిరిగి కలపడం. దానికి కావలసిన ఏర్పాటు కోయడానికి ముందే జరగాలి. ప్రతి ఆరోపానికీ మార్చరాని ఒక వరుస సంఖ్యను దాని ట్యాగులోనే లక్షణంగా ఇప్పించండి. దిద్దేవారిలో ఒకరు ఒక ఆరోపాన్ని పొరపాటున తీసివేసినా, మరొకరు రెండుసార్లు అతికించినా ఆ సంఖ్యల వల్ల వెంటనే బయటపడుతుంది. కలిపేటప్పుడు ఫైళ్లను మామూలుగా ఒకదాని కింద ఒకటి అతికించకూడదు, ఎందుకంటే ఎక్స్‌ఎంఎల్ ప్రకటన పత్రం మొట్టమొదట తప్ప మరెక్కడా ఉండరాదు. పైగా పాత విండోస్ నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8గా సేవ్ చేసినప్పుడల్లా ఫైలు మొదట బామ్ అనే కంటికి కనిపించని మూడు బైట్ల గుర్తును చేరుస్తుంది. 2019 నాటి విండోస్ 10 కూర్పు నుంచి అది తనంతట తాను చేర్చడం మానేసింది కాని, మీ పన్నెండుగురిలో పాత కంప్యూటర్లు ఉన్నవారు ఉండకపోరు. ముక్కలు అలాగే అతుక్కుంటే ఆ గుర్తులు ఫైలు నడిమధ్యలోకి చేరి, కారణం తెలియని తప్పులు తెచ్చిపెడతాయి. కోసిన పార్సరే తిరిగి ముక్కలను చదివి, ఆరోపాలను మాత్రమే తీసుకొని కొత్త మూల ట్యాగులో పేర్చాలి.

ఒడియా మాటల విషయంలో ఒక సూక్ష్మం ఉంది. కింద చుక్క ఉండే డకారాన్ని ఒకే సంకేతంగానూ ఎక్కించవచ్చు, డకారమూ చుక్కా రెండు సంకేతాలుగానూ ఎక్కించవచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటరు మాత్రం వేర్వేరు మాటలుగా చూస్తుంది. దిద్దినవారి కీబోర్డులు వేరువేరుగా ఉంటే, కలిపిన తరువాత ఆ రెండింటినీ ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ నార్మలైజేషన్ ఒకసారి నడిపించండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకొని, ఆ భాష కోసం దశాబ్దాలు శ్రమించిన గిడుగు వెంకట రామమూర్తిగారి ఊళ్లో ఈ పని మళ్లీ సాగుతున్నందుకు సంతోషం.

ప్రశ్న (రాయగడ నుంచి): నేను ఒక ఆడిటరు గారి దగ్గర పనిచేస్తున్నాను. జీడిపప్పు, పసుపు వ్యాపారం చేసే ఖాతాదారు ఒకరు ఏడేళ్ల అమ్మకాల పట్టికను ఒకే సీఎస్‌వీ ఫైలుగా ఇచ్చారు. గడులను కామాలతో వేరుచేసే మామూలు టెక్స్ట్ ఫైలు అది. ఎక్సెల్‌లో తెరిస్తే కొంతవరకే వచ్చి ఆగిపోతోంది. నాకు నెలవారీగానూ, కొనుగోలుదారుల రాష్ట్రాలవారీగానూ వేర్వేరు ఫైళ్లు కావాలి. ఎలా?

జవాబు: ఎక్సెల్‌లో ఒక షీటుకు 10,48,576 వరుసలే పడతాయి. 2007కు ముందటి కూర్పులలో అయితే 65,536 మాత్రమే. మీ ఫైలులో అంతకు మించి ఉన్నాయన్నమాట. పూర్తిగా ఎక్కలేదని అది హెచ్చరిస్తుంది, దానిని పట్టించుకోకుండా అదే పేరుతో సేవ్ చేస్తే మిగిలిన వరుసలు శాశ్వతంగా పోతాయి. ఇప్పటికే సేవ్ చేసి ఉంటే ఖాతాదారు నుంచి మళ్లీ ఫైలు తెప్పించుకోండి.

వరుసలు పట్టినా సరే, విడదీయకముందు ఎక్సెల్‌లో తెరవవద్దనే చెబుతాను. జీడిపప్పు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను లెక్కలలో సరుకును గుర్తించే సంఖ్య) 0801తో, పసుపుది 0910తో మొదలవుతాయి. ఎక్సెల్ వాటిని సంఖ్యలనుకొని ముందున్న సున్నాను మింగి 801, 910 అని చూపిస్తుంది. పదిహేను అంకెలు దాటిన బ్యాంకు ఖాతా సంఖ్యలలో పదహారో అంకె నుంచి అన్నీ సున్నాలవుతాయి. 03-04 అని ఉన్న తేదీ ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా అన్నది కంప్యూటరు అమరికను బట్టి మారిపోతుంది. నెలవారీగా విడదీయబోయే మీకు ఈ చివరిదే ఎక్కువ ప్రమాదం. కనుక ముందు విడదీసి, తరువాత ఒక్కొక్క ముక్కను డేటా దిగుమతి మార్గంలో తెచ్చుకొని, కోడ్, ఖాతా సంఖ్య, తేదీ నిలువు వరుసలను టెక్స్ట్‌గా గుర్తించండి.

లినక్స్‌లో స్ప్లిట్ అనే కమాండ్ ఉంది. ఏమీ చెప్పకపోతే వెయ్యేసి వరుసల చొప్పున కోస్తుంది, ఎన్ని వరుసలన్నది మనం మార్చుకోవచ్చు. మీకు అది రెండు కారణాల వల్ల పనికిరాదు. నిలువు వరుసల పేర్లున్న శీర్షిక మొదటి ముక్కకే దక్కుతుంది. రెండవది, సీఎస్‌వీలో వరుస అంటే నమోదు కాదు. 2005లో ఆ పద్ధతికి రాసుకొన్న నియమావళి ప్రకారం, రెట్టింపు ఉద్ధరణ చిహ్నాల నడుమ ఉన్న గడిలో కామాలూ ఉండవచ్చు, వరుస విరుపులూ ఉండవచ్చు. మీ పట్టికలో ఇటువంటి నమోదులు తప్పక ఉంటాయి:

0801,"పాత బస్టాండు దగ్గర,
మెయిన్ రోడ్డు, పార్వతీపురం",48500.00

కంటికి రెండు వరుసలున్నా ఇది ఒకే నమోదు, మూడు గడులు. వరుస లెక్కన కోస్తే చిరునామా సగం ఒక ఫైలుకు, డబ్బు మరొక ఫైలుకు పోతాయి. ఈ విషయం నేను నేర్చుకొన్న తీరు అంత గౌరవంగా లేదు. ఆక్ అనే సాధనం, 1977లో బెల్ ల్యాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనే ముగ్గురు తయారుచేసి తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో పేరు పెట్టినది, నిలువు వరుసను చూసి ఫైళ్లు విడదీయడంలో దిట్ట. దానికి కామా దగ్గర గడి విరవమని చెప్పి, నాలుగవ గడిలోని జిల్లా పేరుతో ఫైళ్లు చేయించాను. చిరునామాలోని కామాల వల్ల గడులు జరిగిపోయి, ‘రామాలయం వీధి’ అనే జిల్లా ఒకటి, ‘రెండవ అంతస్తు’ అనే జిల్లా మరొకటి తయారయ్యాయి. ఆక్‌కు ఒక రూపమైన గాక్‌లో, 2023లో వెలువడిన 5.3 కూర్పు నుంచి, సీఎస్‌వీ నియమాలను పాటించే ప్రత్యేక ఐచ్ఛికం ఉంది. అది లేకపోతే పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూలు వాడండి, ఉద్ధరణ చిహ్నాల సంగతి అది చూసుకొంటుంది.

రాష్ట్రాన్ని చిరునామాలో వెతకనక్కరలేదు. పదిహేను గుర్తుల జీఎస్‌టీ సంఖ్యలో మొదటి రెండు అంకెలే రాష్ట్రం: ఒడిశాకు 21, ఛత్తీస్‌గఢ్‌కు 22, మహారాష్ట్రకు 27, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. రిజిస్ట్రేషను లేని కొనుగోలుదారులకు ఆ గడి ఖాళీగా ఉంటుంది. వారి కోసం సరఫరా స్థలం అన్న గడిని చూడమనండి, అదీ ఖాళీ అయితే ‘తెలియనివి’ అని ఒక ఫైలు ఉండాలి కాని ఆ నమోదులను వదిలేయకూడదు.

ఏడేళ్లంటే 84 నెలలు, ఒక్కొక్క నెలకు ఇరవై రాష్ట్రాలనుకొన్నా 1,680 ఫైళ్లు. లినక్స్ సాధారణంగా ఒక ప్రోగ్రాము ఒకేసారి 1,024కు మించి ఫైళ్లు తెరిచి ఉంచుకోనివ్వదు. ముందు నెలలుగా విడదీసి, ఆ పైన ఒక్కొక్క నెలను రాష్ట్రాలుగా విడదీస్తే ఈ బాధ ఉండదు. కొందరు ప్రతి నమోదుకూ ఫైలు తెరిచి, చివర చేర్చి, మూసే పద్ధతి వాడతారు. అదీ నడుస్తుంది కాని, మధ్యలో ఏదో తప్పు దొర్లి ప్రోగ్రామును రెండవసారి నడిపినప్పుడు పాత ఫైళ్ల చివరనే కొత్తవి చేరి అమ్మకాలు రెట్టింపవుతాయి. ప్రతిసారీ ఖాళీ ఫోల్డరుతో మొదలుపెట్టండి.

పని ముగిశాక అసలు ఫైలులోని నమోదుల సంఖ్య, పన్ను వేయదగిన విలువ మొత్తం ఒక వైపు, ముక్కలన్నిటి మొత్తాలు మరొక వైపు వేసి పైసాతో సహా సరిపోలాలి. సంఖ్య సరిపోయి విలువ సరిపోకపోతే గడులు పక్కకు జరిగాయని అర్థం. ఆడిటరు గారి దగ్గర పనిచేసే మీకు ఈ మాట వేరే చెప్పాలా!

ప్రశ్న (బరంపురం నుంచి): ఒక పెద్ద ఫైలును నమోదుకొక ఫైలు చొప్పున 40,000 ఫైళ్లుగా చేశాను. అన్నీ కలిపినా 28 మెగాబైట్లే. కాని పెన్‌డ్రైవులోకి ఎక్కించడానికి గంటలు పడుతోంది, ఆరు వందల మెగాబైట్లకు పైగా చోటు పోతోంది. ఎందుకు?

జవాబు: డిస్కు చోటును బైట్లలో కాక క్లస్టర్ల లెక్కన, అంటే ఒకే పరిమాణపు గదుల లెక్కన, ఇస్తుంది. మీ పెన్‌డ్రైవులో క్లస్టర్ 16 కిలోబైట్లదై ఉంటుంది. 700 బైట్ల ఫైలుకు కూడా ఒక పూర్తి క్లస్టర్ పోతుంది కనుక 40,000 ఫైళ్లకు 6,40,000 కిలోబైట్లు, అంటే 625 మెగాబైట్లు. చిన్న సరుకులన్నిటికీ తలా ఒక బస్తా ఇచ్చినట్లన్నమాట. ఆలస్యానికి కారణం సరుకు బరువు కాదు, ప్రతి ఫైలుకూ పేరు రాయడం, చోటు వెతకడం, పట్టికను సవరించడం. ఎఫ్‌ఏటీ-32 అనే పెన్‌డ్రైవుల పద్ధతిలో ఒక ఫోల్డరులో పేర్లు రాయడానికి 65,536 గడులే ఉంటాయి, పొడుగు పేరున్న ఫైలు ఒకటికి మించి గడులు తింటుంది, కనుక 40,000 పూర్తికాకముందే ఫోల్డరు నిండిందన్న మాట రావచ్చు. అన్నిటినీ జిప్ చేసి ఒకే ఫైలుగా ఎక్కించండి. అవతల విప్పేటప్పుడు వెయ్యేసి ఫైళ్లకు ఒక ఉప ఫోల్డరు ఉండేటట్లు చూడండి. అసలు నమోదుకొక ఫైలు అవసరమా అన్నది కూడా ఆలోచించండి. ఒక్కొక్కదానిని విడిగా ఎవరికైనా పంపవలసి ఉంటే తప్ప, వందేసి నమోదుల ఫైలు అన్ని విధాలా తేలిక.

ప్రశ్న (జయపురం నుంచి): నా దగ్గర ఉన్నది జేసన్ ఫైలు. దానికీ ఎక్స్‌ఎంఎల్ పద్ధతే వర్తిస్తుందా?

జవాబు: సూత్రం అదే. జేసన్ కూడా సమాచారాన్ని టెక్స్ట్‌గా దాచే ఒక పద్ధతే. అందులో మూల ట్యాగుకు బదులు సాధారణంగా చదరపు బ్రాకెట్ల జంట ఉంటుంది, లోపల నమోదులు కామాలతో వేరుపడతాయి. ప్రతి ముక్కకూ సొంత బ్రాకెట్లు ఉండాలి, చివరి నమోదు తరువాత కామా ఉండకూడదు. చేత్తో విడదీసినవారు ఎక్కువగా తప్పేది ఆ చివరి కామా దగ్గరే. పదే పదే విడదీయవలసిన ఫైలయితే దానిని ఒకసారి జేసన్ లైన్స్ రూపంలోకి మార్చుకోండి. అందులో చుట్టూ బ్రాకెట్లుండవు, వరుసకు ఒక పూర్తి నమోదు ఉంటుంది, నమోదు లోపలి వరుస విరుపులు కూడా గుర్తులుగా మారిపోతాయి. మీ ఊరి మీదుగా బైలదిల్లా ఖనిజం మోసుకుపోయే బండి వ్యాగన్లను కొక్కెం దగ్గర విప్పినట్లు, అప్పుడు ఏ రెండు వరుసల మధ్యనైనా విడదీయవచ్చు. రాయగడ పాఠకునికి వద్దన్న స్ప్లిట్ కమాండ్ మీకు నిక్షేపంగా సరిపోతుంది, బైట్ల లెక్క కాకుండా వరుసల లెక్క ఇస్తే చాలు. మార్చడానికి జేక్యూ అనే చిన్న సాధనం ఉంది. ఫైలు మెమరీలో పట్టనంత పెద్దదైతే దానికే ప్రవాహ పద్ధతిలో చదివే ఐచ్ఛికం కూడా ఉంది.

ప్రశ్న (గుణుపురం నుంచి): నా ఫైలులో గ్రామస్థుల ఫోను నంబర్లు, ఆధార్ సంఖ్యలు ఉన్నాయి. ప్రోగ్రాములు రాయడం నాకు రాదు. ఫైలు ఎక్కిస్తే ముక్కలు చేసి ఇచ్చే వెబ్‌సైట్లు ఉన్నాయి. వాడవచ్చునా?

జవాబు: పాటల జాబితా, పుస్తకాల పట్టిక వంటివైతే వాడండి. మీరు రాసినదాన్ని బట్టి మీ ఫైలులో గ్రామస్థుల ఫోను నంబర్లు, ఆధార్ సంఖ్యలు ఉన్నాయి. వాటిని ఎవరు నడుపుతున్నారో తెలియని కంప్యూటరుకు పంపడం మీ చేతిలో ఉన్న హక్కు కాదు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో పైథాన్ తెలిసిన విద్యార్థిని పిలిచి, మీ కంప్యూటరులోనే, మీరు పక్కన కూర్చుని చేయించుకోండి. అతనికి చూపడానికి అసలు ఫైలు కూడా అక్కరలేదు. శీర్షిక వరుస, దాని కింద కల్పిత వివరాలతో పది నమోదులు రాసి ఇస్తే, ప్రోగ్రాము దాని మీదనే సిద్ధం చేసి మీకు అప్పగించగలడు.